గోదావరి డెల్టాలో రాకెట్ కంపెనీ: లెక్క నుంచి లాంచ్‌ప్యాడ్ దాకా

గోదావరి డెల్టాలో రాకెట్ కంపెనీ పెట్టాలనుకునేవాళ్లు ముందుగా ఒక సంగతి తేల్చుకోవాలి. రాకెట్ ఇక్కడ తయారు చెయ్యొచ్చు, ఇక్కణ్నుంచి ఎగరెయ్యడం మాత్రం కుదరదు. ఊరి పొలిమేర దాటకముందే ఇంకో ఊరు కనిపించే నేల ఇది. తీరం పొడవునా కోరింగ మడ అడవులు, గ్యాస్ బావులు, పైప్‌లైన్లు, రొయ్యల చెరువులు. ప్రయోగ వేదిక చుట్టూ జనం లేని జాగా కిలోమీటర్ల కొద్దీ కావాలి. రాడార్లు, తేడా వస్తే రాకెట్‌ను గాల్లోనే ఆపెయ్యగల భద్రతా వ్యవస్థ కావాలి. అవి సిద్ధంగా ఉన్నది శ్రీహరికోటలో. రావులపాలెం నుంచి 16వ నంబరు జాతీయ రహదారి మీద శ్రీహరికోట దగ్గరి సూళ్లూరుపేటకు సుమారు 500 కిలోమీటర్లు. ఒక ట్రెయిలర్ జాగ్రత్తగా నడిస్తే రెండు రోజుల ప్రయాణం.

మరి ఇక్కడే ఎందుకు పెట్టాలి? మనుషుల కోసం. ఓఎన్‌జీసీ రిగ్గుల మీద, గెయిల్ లైన్ల మీద, గాడిమొగ, ఓడలరేవు టెర్మినళ్లలో, కాకినాడ ఎరువుల ఫ్యాక్టరీలో చేతులు కాల్చుకుని పని నేర్చుకున్న ఫిట్టర్లు, వెల్డర్లు, ఎక్స్‌రే ఫిల్ము చూసి అతుకు బాగోగులు చెప్పగలిగేవాళ్లు ఈ జిల్లాల్లో ఉన్నారు. ద్రవ ఇంధన రాకెట్ అంటే చాలావరకు పైపులు, వాల్వులు, ట్యాంకులే. పీడనం అంటే ఏమిటో పుస్తకంలో చదివినవాడికీ, స్పానర్ పట్టుకుని తెలుసుకున్నవాడికీ తేడా ఉంటుంది. 1995లో పాశర్లపూడి బావి 65 రోజులు మండింది. 2014లో నగరం అనే ఊళ్లో గ్యాస్ లైను పేలింది. లీకు అంటే ఏమిటో ఇక్కడ ఎవరికీ పాఠం చెప్పక్కర్లేదు. ఆ భయాన్ని గౌరవించి పని చేస్తేనే ఊళ్లు మీతో నిలబడతాయి.

మొదట కొనేవాడు, తర్వాత ఇంజిన్

ఎక్కువమంది ఇంజిన్‌తో మొదలుపెట్టి ఇరుక్కుంటారు. మొదలుపెట్టాల్సింది పేలోడ్‌తో, అంటే రాకెట్ మోసుకెళ్లే సరుకుతో. 2021 జనవరిలో స్పేస్‌ఎక్స్ ఒకే ఫాల్కన్-9 మీద 143 ఉపగ్రహాలు పంపింది. ఆ తరహా ప్రయాణాలకు అప్పట్లో ధర 200 కిలోలకు 10 లక్షల డాలర్లు, అంటే కిలోకు 5,000. రాకెట్ ల్యాబ్ వాళ్ల ఎలక్ట్రాన్ 300 కిలోల దాకా మోసే చిన్న రాకెట్. దాని ధర అప్పట్లో 75 లక్షల డాలర్ల చుట్టుపక్కల, అంటే కిలోకు 25,000. ఆర్టీసీ బస్సు టికెట్టుకీ, మాట్లాడుకున్న కారు బాడుగకీ ఉన్న తేడా ఇది. కిలో ధరలో బస్సుతో పోటీ పడాలని చూసిన చిన్న రాకెట్ కంపెనీ నిలవదు. మీరు అమ్మేది ఖాతాదారు ఉపగ్రహాన్ని అతను కోరిన కక్ష్యకి, అతను కోరిన వారంలో తీసుకెళ్లే సౌకర్యం.

అందుకే డ్రాయింగు గీసే ముందు ఉపగ్రహాలు కట్టే కనీసం ఇరవై మందితో మాట్లాడండి. బరువెంత, ఎత్తెంత, కక్ష్య వాలు ఎంత, ఎప్పుడు కావాలి అని అడగండి. చివర్లో అన్నిటికంటే ముఖ్యమైనది అడగండి: ఆరు నెలలు ఆలస్యమైతే ఏం చేస్తారు? "ఏమీ కాదు, ఆగుతాం" అన్నవాళ్లు చివరికి బస్సే ఎక్కుతారు. "మా వ్యాపారం దెబ్బతింటుంది" అన్నవాళ్లే మీ ఖాతాదారులు. కొంటామని ఉత్తరం మాత్రమే ఇచ్చినవాణ్ని లెక్కలో వెయ్యకండి, బయానా ఇచ్చినవాణ్ని వెయ్యండి.

ఒప్పందంలో డబ్బు మెట్ల ప్రకారం రావాలి: సంతకానికి కొంత, డిజైన్ సమీక్ష పూర్తయ్యాక కొంత, స్టేజి పరీక్ష నెగ్గాక కొంత, మిగతాది ప్రయోగం ముందు. విఫలమైతే మళ్లీ ఎగరెయ్యడమా, డబ్బు వెనక్కా అన్నది మొదటి రోజే రాసుకోవాలి. ఒకరి ఆస్తికి నష్టం జరిగితే ఇంకొకరి మీద దావా వెయ్యబోమనే పరస్పర మినహాయింపు కూడా ఉండాలి. అది లేని ఒప్పందం మీద సంతకం పెట్టొద్దు.

కాగితం మీద రాకెట్

500 కిలోమీటర్ల కక్ష్యకి 150 కిలోలు చేర్చే రెండంచెల రాకెట్ అనుకుందాం. ద్రవ ఆక్సిజన్, శుద్ధి చేసిన కిరోసిన్ వాడుతున్నాం. గాలి రాపిడి, గురుత్వం వల్ల పోయేది కలుపుకుని సెకనుకు దాదాపు 9.5 కిలోమీటర్ల వేగం కూడబెట్టాలి. మొదటి అంచె ఇంజిన్ సామర్థ్యం (స్పెసిఫిక్ ఇంపల్స్, దీన్ని సెకన్లలో కొలుస్తారు, ఎక్కువైతే మేలు) సగటున 300 సెకన్లు, రెండో అంచెది 330 సెకన్లు తీసుకుంటే లెక్క ఇలా తేలుతుంది:

రెండో అంచె: ఇంధనం, ఆక్సిజన్ కలిపి 1,600 కిలోలు, ఖాళీ బరువు 150 కిలోలు.
మొదటి అంచె: ఇంధనం, ఆక్సిజన్ కలిపి దాదాపు 5,990 కిలోలు, ఖాళీ బరువు 665 కిలోలు.
ముక్కు కవచం 50 కిలోలు, ఉపగ్రహం 150 కిలోలు.

మొత్తం 8.6 టన్నులు. అందులో 7.6 టన్నులు మండిపోయేదే.

ఇప్పుడు ఈ లెక్కను కదిలించి చూడండి, ఎక్కడ డబ్బు పెట్టాలో తెలుస్తుంది. మొదటి అంచె 15 కిలోలు బరువెక్కితే పేలోడ్‌లో కిలో పైచిలుకు మాత్రమే పోతుంది. అదే 15 కిలోలు రెండో అంచెలో పెరిగితే పేలోడ్‌లో 15 కిలోలూ పోతాయి. అంటే అమ్మే సరుకులో పదోవంతు. రెండో అంచె ఇంజిన్ సామర్థ్యం 5 సెకన్లు తగ్గితే 9 కిలోలు పోతాయి. కాబట్టి మొదటి అంచెను లావుగా, చవగ్గా, తేలిగ్గా వెల్డయ్యే స్టెయిన్‌లెస్ స్టీలుతో కట్టినా ఫరవాలేదు. కార్బన్ ఫైబర్, ఖరీదైన మిల్లింగు, ఒక్కో బోల్టును తూకం వెయ్యడం అన్నీ పై అంచెకు ఉంచండి. రెండు చోట్లా ఒకే పట్టుదల చూపించే కుర్ర ఇంజినీర్లు కంపెనీ డబ్బుని కింది అంచెలో పోసేస్తారు.

కక్ష్య దిశ కూడా ఇప్పుడే చూసుకోవాలి. శ్రీహరికోట 13.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. తూర్పుకి ఎగరేస్తే భూభ్రమణం సెకనుకు దాదాపు 450 మీటర్లు ఉచితంగా ఇస్తుంది. ధ్రువ కక్ష్యకి దక్షిణంగా వెళ్లాలంటే దారిలో శ్రీలంక అడ్డం. రాకెట్ ఒక వంపు తిరిగి వెళ్లాలి, ఆ వంపుకి ఇంధనం ఖర్చు. పెద్ద రాకెట్‌కి అది చిన్న నష్టం, చిన్న రాకెట్‌కి పేలోడ్‌లో పెద్ద కోత. తమిళనాడులో కులశేఖరపట్నం దగ్గర రెండో ప్రయోగ కేంద్రానికి 2024 ఫిబ్రవరి 28న శంకుస్థాపన చేసింది ఇందుకే. అక్కణ్నుంచి నేరుగా దక్షిణానికి సముద్రం మీదుగా పోవచ్చు. మీ ఖాతాదారుల్లో ఎక్కువమంది భూమిని ఫొటోలు తీసేవాళ్లయితే ధ్రువ కక్ష్యే అడుగుతారు. పేలోడ్ అంకె రెండు దిశలకీ విడివిడిగా చెప్పండి.

కంపెనీ, లైసెన్సులు, డబ్బు

2020లో కేంద్రం అంతరిక్ష రంగాన్ని ప్రైవేటుకి తెరిచింది. అనుమతులన్నిటికీ ఒకే కిటికీ అహ్మదాబాద్‌లోని ఇన్‌స్పేస్ అనే కేంద్ర సంస్థ. 2023 అంతరిక్ష విధానం, 2024 మేలో ఇన్‌స్పేస్ ఇచ్చిన నిబంధనలు, మార్గదర్శకాల పుస్తకం చదవకుండా ఒక్క అడుగూ వెయ్యొద్దు. ప్రైవేట్ లిమిటెడ్‌గా నమోదు చేసుకుని, స్టార్టప్ గుర్తింపు తెచ్చుకుని, ఇన్‌స్పేస్ డిజిటల్ వేదికలో ఖాతా తెరిచి, ఇస్రో కేంద్రాల సౌకర్యాలు వాడుకోవడానికి అవగాహన ఒప్పందం చేసుకోవాలి. ఆ తర్వాత ప్రయోగ అనుమతి. అనుమతి ఒక్కో ప్రయోగానికీ విడిగా తీసుకోవాలి.

విదేశీ పెట్టుబడిలో ఒక మెలిక ఉంది. 2024 సవరణ ప్రకారం ప్రయోగ వాహనాల కంపెనీలో విదేశీ వాటా 49 శాతం దాకా ఆటోమేటిక్ మార్గంలో, అంటే ముందస్తు అనుమతి లేకుండా రావచ్చు, దాటితే ప్రభుత్వ అనుమతి కావాలి. విడిభాగాలు తయారుచేసే కంపెనీకి 100 శాతం దాకా ఆటోమేటిక్ మార్గమే. మొదటి విడత పెట్టుబడిలోనే విదేశీ ఫండ్‌కి 30 శాతం ఇచ్చేస్తే మూడో విడతకి గోడ తగులుతుంది. వాటాల పట్టిక నాలుగు విడతలు ముందుకి వేసి చూసుకోండి. దేశంలో కూడా దారి ఉంది: అంతరిక్ష స్టార్టప్‌ల కోసం 1,000 కోట్ల రూపాయల వెంచర్ నిధికి కేంద్రం 2024 అక్టోబరులో ఆమోదం తెలిపింది. ప్రైవేటు కంపెనీలు చేసే ఉపగ్రహ ప్రయోగ సేవలకు 2023లో జీఎస్టీ మినహాయింపు కూడా ఇచ్చారు. అయితే కొన్న సామాను మీద కట్టిన పన్ను ఎంతవరకు వెనక్కి వస్తుందో ఆడిటరుతో ముందే లెక్క వేయించుకోవాలి.

మిగతా కాగితాల్లో కంపెనీలు ఎక్కువగా జారిపడే చోట్లు ఇవి. అంచెలు విడదీసే పేలుడు బోల్టులు, ఇంజిన్‌ను వెలిగించే ఇగ్నైటర్లు, ఘన ఇంధనం ఏదున్నా నాగపూర్ ప్రధాన కార్యాలయంగా ఉన్న పెసో (పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ) లైసెన్సు తప్పదు. ద్రవ ఆక్సిజన్ నిల్వ ట్యాంకుకు 2016 నాటి ప్రెజర్ వెసల్ నిబంధనలు, కిరోసిన్‌కి పెట్రోలియం నిబంధనలు వర్తిస్తాయి. రాకెట్ డ్రాయింగులు స్కోమెట్ జాబితాలోకి, అంటే ఎగుమతి మీద అదుపు ఉన్న సున్నితమైన సాంకేతికతల జాబితాలోకి వస్తాయి. విదేశంలో ఉన్న వెండార్‌కి డ్రాయింగు ఈ-మెయిల్‌లో పంపినా అది ఎగుమతే, ముందుగా అనుమతి కావాలి. టెలిమెట్రీ (ఎగిరే రాకెట్ నుంచి రేడియోలో వచ్చే డేటా) ఫ్రీక్వెన్సీకి టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం అనుమతి కావాలి. ఇది ఆలస్యమయ్యే పని, రాకెట్ సగం కూడా కట్టకముందే దరఖాస్తు పెట్టండి. 1972 లయబిలిటీ ఒప్పందం ప్రకారం మన రాకెట్ ముక్క పరాయి దేశం మీద పడితే బాధ్యత భారతదేశానిది. అందుకే మూడో వ్యక్తి బీమా అనుమతిలో భాగం.

జాగా: నీళ్లు, నేల, వంతెన

లంక భూములు చవగ్గా దొరుకుతాయి, తీసుకోవద్దు. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చింది. ఏటిగట్టుకి బయట, 16 లేదా 216 రహదారికి దగ్గర్లో జాగా చూడండి. కోనసీమ లోపలి కాలవల మీద వంతెనలు ఇరుకు, మలుపులు ఇంకా ఇరుకు. మొదటి అంచె పొడవు పది మీటర్లు దాటొచ్చు. ఫ్యాక్టరీ నుంచి హైవేకి ఉన్న దారిని వెదురు బొంగులు కట్టిన ట్రాక్టర్ ట్రాలీతో ఒకసారి నడిపి చూడండి. ఈ పని చెయ్యకుండా షెడ్డు వేస్తే తర్వాత గోడలు కొట్టించాల్సి వస్తుంది.

నేల బంకమట్టి. వానకి ఉబ్బుతుంది, ఎండకి కుంగుతుంది. మిల్లింగు యంత్రం, ట్యాంకు తిప్పే వెల్డింగ్ ఫిక్స్చర్ మామూలు గచ్చు మీద పెడితే ఆరు నెలల్లో లెవెల్ తప్పుతుంది. వాటి కింద మాత్రం పైల్స్ వేయించి, మిగతా గచ్చు నుంచి విడిగా దిమ్మె కట్టించాలి. షెడ్డు మొత్తానికి పైల్స్ అక్కర్లేదు.

ఉప్పుగాలి

ఈ విభాగాన్ని మిగతావాటి కంటే నెమ్మదిగా చదవండి. డెల్టాలో రాకెట్‌కి మొదటి శత్రువు ఉప్పు, రెండోది నిమ్ము.

2006 మార్చి 24న స్పేస్‌ఎక్స్ మొదటి ఫాల్కన్-1 పసిఫిక్‌లోని ఒక దీవి నుంచి లేచి, అరనిమిషం దాటగానే ఇంజిన్ ఆగి పడిపోయింది. కారణం ఇంధనం లైను మీది ఒక అల్యూమినియం నట్టు. సముద్రపు గాలికి తుప్పు పట్టి చిట్లింది, కిరోసిన్ కారింది, మంటలంటుకున్నాయి. తర్వాతి రాకెట్‌కి స్టెయిన్‌లెస్ స్టీలు నట్లు వేశారు. అంతర్వేదిలోనో ఉప్పాడలోనో ఇంటి కిటికీ ఊచలు రెండేళ్లకే పొట్టు రాలడం చూసినవాళ్లకి ఇందులో వింతేమీ లేదు. శ్రీహరికోట కూడా సముద్రపు ఒడ్డే. అంటే మీ రాకెట్ పుట్టిన రోజు నుంచి ఎగిరే రోజు దాకా ఉప్పులోనే ఉంటుంది.

చెయ్యాల్సినవి:

ఒత్తిడి మోసే కీళ్లలో అల్యూమినియం నట్టు వాడొద్దు. అల్యూమినియం, స్టీలు ఒకదానికొకటి నేరుగా తగిలేచోట మధ్యలో పూత గానీ సీలెంటు గానీ ఉండాలి. తుప్పు పట్టకుండా అల్యూమినియం భాగాలకి అనోడైజింగ్, స్టెయిన్‌లెస్ భాగాలకి మిషనింగు అయ్యాక పాసివేషన్ చేయించండి. ఏ కీలు ఏ రోజు బిగించారో, ఎంత టార్కుతో బిగించారో, మళ్లీ ఏ రోజు చూశారో ఒక పుస్తకం ఉండాలి. ప్యాడ్ మీద పది రోజులకంటే ఎక్కువ నిలబడిన రాకెట్‌కి ఇంధనం లైన్ల కీళ్లన్నీ మళ్లీ చూడాలి.

ట్యాంకు నీటి పరీక్షకి బోరు నీళ్లు పట్టొద్దు. డెల్టా తీరంలో బోరు నీళ్లలో క్లోరైడు ఎక్కువ. అది స్టెయిన్‌లెస్ స్టీలులో అతుకుల పక్కన గుంటలు తొలుస్తుంది. పరీక్ష రోజు ట్యాంకు నెగ్గుతుంది, నెల తర్వాత సూదిమొన రంధ్రం నుంచి కారుతుంది. క్లోరైడు 50 పీపీఎం లోపు ఉన్న నీళ్లే వాడాలి. డీమినరలైజ్డ్ నీళ్లయితే మేలు. పరీక్ష అయిన రోజే నీళ్లు వంపేసి, వేడి పొడి నైట్రోజన్‌తో ఆరబెట్టాలి. ఎగిరే ట్యాంకులకు పరీక్ష పీడనం పనిచేసే పీడనానికి 1.25 రెట్లు, పగిలే పీడనం కనీసం 1.5 రెట్లు పెట్టుకోవడం మామూలు. ఒక ట్యాంకుని నిజంగానే పగలగొట్టి చూడాలి. పగిలిన చోటు అతుకు కాకుండా పలక అయితే మీ వెల్డింగు బాగున్నట్టు.

అల్యూమినియం ట్యాంకు వెల్డింగుకి తేమ ఇంకా చెడ్డది. గాల్లో నీటి ఆవిరి నుంచి వచ్చే హైడ్రోజన్ కరిగిన లోహంలోకి దూరి, చల్లారేటప్పుడు బుడగలుగా మిగిలిపోతుంది. ఎక్స్‌రేలో నువ్వులు చల్లినట్టు కనిపిస్తుంది. వెల్డింగు గదిలో తేమ 50 శాతం దాటకుండా డీహ్యూమిడిఫయర్ పెట్టండి. అంచులు స్టెయిన్‌లెస్ బ్రష్‌తో గీకి, ద్రావకంతో తుడిచి, ఆ రోజే అతకండి. చేతి చెమట కూడా చాలు, అతుకు చెడడానికి.

కార్బన్ ఫైబర్ ప్రీప్రెగ్ (ముందే జిగురు పట్టించిన గుడ్డ) చుట్టలు మైనస్ 18 డిగ్రీల్లో నిల్వ ఉంటాయి. కరెంటు పోతే ఫ్రీజరుకి జనరేటరు తనంతట తానే ఆన్ కావాలి. తుపాను వస్తే రెండు మూడు రోజులు లైను రాదు, డీజిలు దానికి సరిపడా ఉంచుకోండి. ఫ్రీజరు నుంచి తీసిన చుట్టను గది వేడికి వచ్చేదాకా సంచి విప్పొద్దు. విప్పితే మన గాల్లో తేమ ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా మీద పట్టినట్టు దాని మీద పడుతుంది, తర్వాత ఓవెన్‌లో పొరలు విడిపోతాయి.

ఇంజిన్: మెట్టు మెట్టుగా

ఇంజిన్ ఛాంబరును ఇప్పుడు లోహపు పొడితో త్రీడీ ప్రింట్ చేస్తున్నారు. చెన్నైలోని అగ్నికుల్ ఒకే ముక్కగా ముద్రించిన ఇంజిన్‌తో 2024 మే 30న శ్రీహరికోటలో తన సొంత వేదిక నుంచి ఎగిరింది. ముద్రణలో సమస్య ఆకారంలో రాదు, చల్లార్చే సన్న కాలవల్లో మిగిలిపోయిన పొడిలో వస్తుంది. ఒక్క కాలవ పూడినా ఆ గీత వెంబడి గోడ కరిగిపోతుంది. వేడి శుద్ధికి పంపకముందే పొడి దులపండి, ఎందుకంటే ఆ తర్వాత అది రాయవుతుంది. ప్రతి ఛాంబరునీ నీళ్లతో ప్రవాహం కొలిచి, ముందు ఛాంబర్ల అంకెతో పోల్చండి. రెండు మూడు శాతం తేడా వచ్చినా సీటీ స్కాన్ తీయించండి.

పరీక్షల వరుస మార్చొద్దు. ముందు నీళ్లు. తర్వాత ద్రవ నైట్రోజన్‌తో చల్లటి ప్రవాహం. తర్వాత ఇగ్నైటర్ ఒక్కటే, వరుసగా ఇరవై సార్లు తప్పకుండా వెలగాలి. తర్వాత ఇంజిన్ అరసెకను, రెండు సెకన్లు, పది సెకన్లు, పూర్తి నిడివి. ఒక మెట్టులో అర్థం కాని గీత గ్రాఫులో కనిపిస్తే పై మెట్టు ఎక్కొద్దు.

ఎక్కువ ఇంజిన్లు పోయేది మొదటి సెకనులోనే. ఇగ్నైటర్ వెలగకముందే ఛాంబరులో ఇంధనం, ఆక్సిజన్ చేరి, ఆలస్యంగా అంటుకుంటే అది మంట కాదు, పేలుడు. ఇగ్నైటర్ వెలిగినట్టు సెన్సరు చెప్పాకే పెద్ద వాల్వులు తెరవాలి. టైమరును నమ్మి తెరిస్తే ఏదో ఒకరోజు స్టాండు పోతుంది. మండేటప్పుడు సెకనుకు వంద లోపు ఊగిసలాట కనిపిస్తే అది ఎక్కువగా పైపుల్లోంచి వస్తుంది, ఇంజెక్టరు దగ్గర పీడన పతనం పెంచాలి. వెయ్యి దాటిన కీచు ఛాంబరుది. దాన్ని చూసిన క్షణంలోనే ఆపెయ్యాలి, రెండో అవకాశం ఉండదు.

ఆక్సిజన్ లైన్ల శుభ్రత గురించి ఎంత చెప్పినా తక్కువే. మైనస్ 183 డిగ్రీల ద్రవ ఆక్సిజన్‌లో వేలిముద్ర జిడ్డు కూడా ఇంధనమే. భాగాలు ద్రావకంతో కడిగి, అతినీల కాంతి కింద చూసి, సీలు వేసిన సంచుల్లో పెట్టాలి. మామూలు గ్రీజు డబ్బా ఆ గదిలోకి రానే కూడదు. ఆక్సిజన్‌కి తగిన ఫ్లోరినేటెడ్ గ్రీజు మాత్రమే వాడాలి. వాల్వు ఒక్కసారిగా తెరవొద్దు, అవతలి గాలి గబుక్కున నొక్కుకుని వేడెక్కి సీలును అంటిస్తుంది. రిగ్గుల నుంచి వచ్చిన ఫిట్టర్లకి ఈ ఒక్క విషయం మళ్లీ నేర్పాలి. వాళ్ల చేతికి గ్రీజు మంచి అలవాటు, ఇక్కడ అదే ప్రాణం తీస్తుంది.

ఇక తేమ. ఆక్సిజన్ వాల్వును తెరిచి మూసే యాక్చువేటర్‌లోకి మన గాలి కొంచెం దూరినా మంచు గడ్డ కట్టి వాల్వు బిగుసుకుంటుంది. చల్లబరచడానికి ముందూ, చల్లబరుస్తున్నంతసేపూ పొడి నైట్రోజన్ ఊదుతూనే ఉండాలి. దాని డ్యూ పాయింట్ (అందులోని తేమ నీరుగానో మంచుగానో మారే ఉష్ణోగ్రత) మైనస్ 50 డిగ్రీల కంటే కింద ఉందో లేదో ప్రతి సిలిండరు బ్యాంకుకీ కొలవాలి.

ఈ మంట పరీక్షలు డెల్టా పొలాల మధ్య పెట్టొద్దు. నీటి ప్రవాహాలు, వాల్వు పరీక్షలు, ద్రవ నైట్రోజన్ దాకా ఫ్యాక్టరీలో చేసుకోండి. ఇంజిన్ మంటకి తమిళనాడులోని ఇస్రో వాళ్ల మహేంద్రగిరి లాంటి సౌకర్యాన్ని ఇన్‌స్పేస్ ద్వారా అడగండి, లేదా డెల్టా బయట మెట్టలో జాగా చూసుకోండి. హైదరాబాదు స్కైరూట్ తన కలాం-100 ఘన మోటారును నాగపూర్‌లో పేలుడు పదార్థాల కంపెనీ ఆవరణలో పరీక్షించింది. అద్దె జాగాలో పరీక్షించడం తప్పేమీ కాదు. సొంత స్టాండు కోసం ఏడాది పోగొట్టుకోవడమే తప్పు.

మెదడు, కళ్లు

ఎగిరే కంప్యూటరు చేతికందే సామాన్లతోనే కట్టొచ్చు. జాగ్రత్త పడాల్సింది సెన్సర్ల దగ్గర. మార్కెట్లో దొరికే జీపీఎస్ చిప్పులు 18 కిలోమీటర్ల ఎత్తు, సెకనుకు 515 మీటర్ల వేగం దాటితే పనిచెయ్యకుండా తాళం వేసి వస్తాయి. తాళం లేనివి వేరుగా, అనుమతితో కొనాలి. 2022 ఆగస్టు 7న ఇస్రో చిన్న రాకెట్ ఎస్ఎస్ఎల్‌వీ మొదటి ప్రయోగంలో రెండో అంచె విడిపోయినప్పుడు వచ్చిన అదురుకి యాక్సిలరోమీటర్లు (త్వరణం కొలిచే సెన్సర్లు) కొలత హద్దు దాటాయి. సాఫ్ట్‌వేరు అవి చెడిపోయాయనుకుంది, ఉపగ్రహాలు 356 కిలోమీటర్ల గుండ్రటి కక్ష్యకి బదులు 356, 76 కిలోమీటర్ల కోలగా ఉన్న దారిలో పడి పోయాయి. సెన్సరు కొన్ని క్షణాలు తప్పు చెబితే ఓపిక పట్టాలా, పక్కన పెట్టాలా అన్నది మీ కోడులో ఎవరు ఏ అంకెతో నిర్ణయించారో అడగండి. ఆ అంకెను నిజంగా అంచె విడగొట్టిన పరీక్షలో కొలిచారా అనీ అడగండి.

దారి, ప్యాడు

రాకెట్‌ను ఖాళీగా, ట్యాంకుల్లో కొద్దిపాటి పీడనంతో పొడి నైట్రోజన్ నింపి పంపాలి. పెట్టెలో అదురు నమోదు చేసే పరికరాలు రెండు చివర్లా పెట్టండి. ఏ టోల్‌గేటు స్పీడ్‌బ్రేకరు దగ్గర ఎంత కుదుపు వచ్చిందో తెలియకపోతే సూళ్లూరుపేటలో మళ్లీ అన్నీ విప్పి చూడాలి. విడి నట్లు, సీళ్లు, వాల్వులు, కనెక్టర్లు ప్రతిదానికీ రెండు అదనంగా తీసుకెళ్లండి. ప్యాడు దగ్గర దొరకని ఐదు రూపాయల ఓ-రింగు కోసం వారం పోతుంది.

మన లెక్కలోని రాకెట్‌కి దాదాపు 5.5 టన్నుల ద్రవ ఆక్సిజన్, 2.1 టన్నుల కిరోసిన్ పడుతుంది. ఆక్సిజన్ మాత్రం రెట్టింపు తెప్పించుకోండి. పైపులు చల్లబరచడంలో, ఆవిరై పోవడంలో, ఒకసారి కౌంట్‌డౌన్ ఆగి మళ్లీ మొదలుపెట్టడంలో మిగతాది పోతుంది. ఎగిరే ముందు కనీసం ఒకసారి పూర్తిగా నింపి, ఇంజిన్ వెలిగించే క్షణం దాకా వచ్చి ఆపి, మళ్లీ ఖాళీ చెయ్యాలి. ఖాళీ చెయ్యడం నింపడం కంటే కష్టం, దాన్ని సాధన చెయ్యకుండా ప్రయోగం పెట్టుకోవద్దు.

కాలం విషయంలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్లు, ఈశాన్య రుతుపవనాలు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా అనుకూలం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధం ఉంటుంది, సముద్రంలో పడవలు తక్కువ కాబట్టి దారి ఖాళీ చేయించడం తేలిక. మిగతా రోజుల్లో ప్రయోగం పెడితే నావికులకి, విమానాలకి అధికారిక హెచ్చరికలు వెళ్లడంతో సరిపెట్టుకోకండి. కాకినాడ, అంతర్వేది బోటు యజమానుల సంఘాలకి తెలుగులో, అక్షాంశ రేఖాంశాలతో, పటంతో ముందే చెప్పండి. వాళ్ల జీపీఎస్‌లో వేసుకోగలిగేలా చెప్పాలి. ఒక పడవ దారిలోకి వస్తే కౌంట్‌డౌన్ ఆగుతుంది. అదృష్టం బాగాలేకపోతే అంతకంటే ఘోరం జరుగుతుంది.

ప్రయోగం రోజు ఆపెయ్యడానికి ఎవరికి హక్కుందో ముందే రాసి ఉంచాలి. వాల్వు చూసే కుర్రాడికి కూడా ఆ హక్కు ఉండాలి, పెట్టుబడిదారుకి ఉండకూడదు. ఏ అంకె దాటితే ఆపాలో పట్టిక రాసి పెట్టి, ఆ రోజు దాన్ని మార్చొద్దు. అగ్నికుల్ నాలుగుసార్లు ఆపి, ఐదోసారి ఎగిరింది. మరో సంగతి: 2017 మేలో ఎలక్ట్రాన్ మొదటి రాకెట్ బాగానే ఎగురుతోంది. కాంట్రాక్టరు నేల మీది టెలిమెట్రీ పరికరాన్ని తప్పుగా అమర్చడంతో డేటా తెగిపోయింది, భద్రతాధికారులు దాన్ని ఆపెయ్యాల్సి వచ్చింది. కాబట్టి అద్దె పరికరాలకి కూడా మీ రాకెట్‌కి చేసినంత పరీక్ష చెయ్యండి.

మొదటిది పడితే

పడే అవకాశమే ఎక్కువ. ఫాల్కన్-1 మూడుసార్లు పడి, 2008 సెప్టెంబరు 28న నాలుగోసారి కక్ష్య చేరింది. మూడోసారి పడడానికి కారణం ప్రతి ఇంజినీరూ తెలుసుకోవాలి. కొత్త ఇంజిన్ ఆగాక ఛాంబరులో చదరపు అంగుళానికి 10 పౌన్ల పీడనం కొద్దిసేపు మిగిలింది. నేల మీద వాతావరణ పీడనం 14.7 కాబట్టి పరీక్షల్లో అది కనబడలేదు. శూన్యంలో ఆ కొంచెం తోపుకే కింది అంచె వెళ్లి పై అంచెను గుద్దింది. తర్వాతి రాకెట్‌లో ఇంజిన్ ఆపడానికీ అంచె విడగొట్టడానికీ మధ్య కొన్ని సెకన్లు పెంచారు, అంతే. రెండు నెలలు కూడా గడవకముందే మళ్లీ ఎగరేయగలిగారు, ఎందుకంటే నాలుగో రాకెట్ అప్పటికే చాలావరకు కట్టి ఉంది.

2023 జనవరిలో వర్జిన్ ఆర్బిట్ రాకెట్‌లో రెండో అంచె ఇంధనం లైనులోని ఫిల్టరు ఊడి ప్రయోగం పోయింది. వంద డాలర్ల సామాను అన్నారు. ఏప్రిల్‌కి కంపెనీ దివాలా దరఖాస్తు పెట్టింది. ఫిల్టరు సరిచెయ్యడం కష్టం కాదు, మళ్లీ ఎగరెయ్యడానికి డబ్బు లేదు.

అందుకని మొదటి ప్రయోగానికి సరిపడా డబ్బు పోగవ్వగానే తేదీ ప్రకటించొద్దు. రెండో రాకెట్‌కి, పద్దెనిమిది నెలల జీతాలకి బ్యాంకులో ఉన్నాకే ప్రకటించండి. చిన్న ప్రయోగంతో మొదలుపెట్టండి. స్కైరూట్ 2022 నవంబరు 18న ఎగరేసిన విక్రమ్-ఎస్ కక్ష్యకి వెళ్లలేదు, 545 కిలోల బరువుతో 89.5 కిలోమీటర్ల ఎత్తు చేరి సముద్రంలో పడింది. అయినా దానితో కంపెనీకి అనుమతుల దారి, ప్రయోగ కేంద్రం భద్రతా పద్ధతి, టెలిమెట్రీ అన్నీ చేతికొచ్చాయి.

పడిన రోజు చెయ్యాల్సింది ముందే రాసి ఉంచండి. డేటా నిల్వలన్నీ గంటలోగా నకలు తీసి సీలు వెయ్యాలి. ఒకే బ్యాచిలో వచ్చిన నట్లు, వాల్వులు, వెల్డు ముక్కలు బయటికి పోకుండా గదికి తాళం వెయ్యాలి. ఎవరి తప్పో అడిగే సమావేశం మొదటి వారంలో పెట్టొద్దు, ఏ క్షణంలో ఏ అంకె మారిందో అడిగేది పెట్టండి. ఇన్‌స్పేస్‌కి, బీమా కంపెనీకి, ఖాతాదారుకి ఒకే వాస్తవాలు, ఒకే రోజు వెళ్లాలి. ఫ్యాక్టరీలో రెండో రాకెట్ ట్యాంకు వెల్డింగు మాత్రం ఆపొద్దు. కారణం ట్యాంకులోనే ఉందని తేలితే తప్ప, మర్నాడు ఉదయం షిఫ్టు మామూలుగా ఎనిమిదింటికే మొదలవ్వాలి.